సోఫా మేస్త్రి జవాబులు: ముందు తిరగేసి చూడండి

విశాఖపట్నం అల్లిపురంలో నలభై ఏళ్లుగా సోఫాలు, కుషన్లు కుడుతున్నాను. పోయిన నెల ఇదే శీర్షికలో సోఫా గుడ్డల గురించి రెండు ముక్కలు రాస్తే బోలెడన్ని ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సగం ఉత్తరాల్లో ఒకటే ప్రశ్న: మీటరు ఎంత? అది షాపుకొచ్చి అడగండి, టీ తాగుతూ తేల్చుకుందాం. మిగతావాటిలో ఆరింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

*ఎనిమిది నెలల క్రితం నెమలికంఠం రంగు వెల్వెట్ సోఫా కొన్నాం. ఇప్పుడు మేం కూర్చునేచోట మరకలు పడ్డట్టు కనిపిస్తోంది. షాపువాళ్లని అడిగితే 'వెల్వెట్ అంతేనండీ' అంటున్నారు. మోసపోయామా?*
*— ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ*

లేదమ్మా, ఈసారికి షాపువాళ్లదే రైటు. ఆ మరక మీద అరచెయ్యి పెట్టి ఒకసారి ముందుకీ, ఒకసారి వెనక్కీ నిమరండి. ఒకవైపు నల్లగా, ఇంకోవైపు తెల్లగా కనిపిస్తే అది మరక కాదు, నూగు, అంటే గుడ్డ మీద లేచి ఉండే సన్నటి పోగులు, పడుకుంది. గడ్డిలో నడిచినచోట బాట కనిపించదూ, అలాగే.

మామూలు గుడ్డకి పడుగు, అంటే నిలువు పోగులు, ఒకటి; పేక, అంటే అడ్డం పోగులు, ఒకటి. వెల్వెట్‌కి, అంటే మన పాతవాళ్లు ముఖమలు అనేదానికి, పడుగులు రెండు. ఒకటి గుడ్డకి నేల, రెండోది నూగు. పూర్వం నేస్తూ నేస్తూ మధ్యలో సన్నటి లోహపు పుల్ల అడ్డంగా పెట్టి, నూగు పడుగుని దాని మీదుగా దాటించేవారు. పుల్లకి పైన గాడి ఉంటుంది. ఆ గాడిలో కత్తి పెట్టి ఈ చివరినుంచి ఆ చివరికి లాగితే ఉచ్చులన్నీ తెగి నిలువుగా లేచేవి. మళ్లీ పుల్ల, మళ్లీ కత్తి. అంగుళం గుడ్డకి పదుల కొద్దీ పుల్లలు. కత్తి కాస్త పక్కకి పోయిందా, అంతవరకూ నేసింది పాడైనట్టే. 15వ శతాబ్దంలో వెనిస్, జెనోవా, ఫ్లోరెన్స్ నేతగాళ్లు ఇలా నేసిన ముఖమలు రాజులకీ, చర్చిలకీ, బాగా డబ్బున్నవాళ్లకీ తప్ప అందేది కాదు. తర్వాత మిల్లులవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. రెండు గుడ్డల్ని ఎదురెదురుగా పెట్టి, ఒకే నూగు దారం రెండింటికీ తగులుకునేలా కలిపి నేసేసి, మధ్యలో కత్తి పోనిచ్చారు. ఇడ్లీని అడ్డంగా కోసి రెండు బిళ్లలు చేసినట్టు రెండు వెల్వెట్లు! ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నది చాలావరకు పాలిస్టర్ వెల్వెటే అయ్యుంటుంది. అది తప్పేమీ కాదు, మన ఊరి చెమటకి పట్టు వెల్వెట్ కంటే అదే నయం.

ఈ నూగు నాకు నేర్పిన పాఠం ఒకటి చెబుతాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక డాక్టరు గారింట్లో ముగ్గురు కూర్చునే సోఫాకి మెరూన్ వెల్వెట్ వేశాను. గుడ్డ అర మీటరు మిగులుతుంది కదా అని మధ్య సీటు ముక్కని తిరగేసి కత్తిరించాను. షాపులో ట్యూబులైటు కింద ఏ తేడా కనిపించలేదు. వాళ్లింట్లో సాయంత్రం కిటికీలోంచి ఎండ పడేసరికి, రెండు పక్కల సీట్లూ ఒక రంగు, మధ్యది ఇంకో రంగు. నా డబ్బుతో కొత్త గుడ్డ కొని మళ్లీ కుట్టాను. ఆయన ఒక్క మాట అనలేదు, నవ్వి ఊరుకున్నారు. తిట్టినా బాగుండేది. అప్పటినుంచీ వెల్వెట్ తాను విప్పగానే నూగు ఎటు వాలిందో చూసి, వెనకవైపు సుద్దముక్కతో బాణం గుర్తు వేస్తాను. వీపు దగ్గర పైనుంచి కిందికి, సీటు మీద వెనకనుంచి ముందుకి వాలాలి.

మీరు చేయాల్సింది: ఇస్త్రీ పెట్టెలో ఆవిరి వచ్చేది ఉంటే అంగుళం ఎత్తున పట్టుకుని ఆవిరి మాత్రం తగలనివ్వండి, ఆనించకండి. మెత్తటి బ్రష్‌తో నూగుని లేపండి. కుషన్లు తీసేవైతే నెలకోసారి చోటు మార్చండి.

*మనవైపు నేత గుడ్డలకీ, ఇంగ్లీషువాళ్ల ఫర్నిచరుకీ ఏమైనా సంబంధం ఉందా? సెమినార్‌కి పేపరు రాయాలి.*
*— ఎం.ఏ. విద్యార్థి, ఆంధ్ర విశ్వవిద్యాలయం*

సంబంధమా? పార్లమెంటులో చట్టం చేసేంత సంబంధం ఉంది బాబూ.

ఇంగ్లీషు కంపెనీవాళ్లు మచిలీపట్నంలో 1611లో దిగారు. అదే శతాబ్దం చివరికి మన విశాఖపట్నం రేవులోనూ కొట్టు పెట్టారు. మొదట్లో వాళ్ల లెక్క వేరు. మన గుడ్డలు ఓడల్లో ఇండోనేషియా దీవులకి పట్టుకెళ్లి, అక్కడ మిరియాలకీ లవంగాలకీ మార్చుకునేవారు. తర్వాత అదే గుడ్డ వాళ్ల ఇళ్లలోకే దూరింది. మన అమ్మమ్మలు చీటిగుడ్డ అనేవారే, ఇంగ్లీషువాడి చింట్జ్ అదే. పూల చెట్టు బొమ్మ వేసిన పెద్ద దుప్పటిని పలంపోర్ అన్నారు. పలంగ్ పోష్, అంటే మంచం మీద పరిచేది, వాళ్ల నోట్లో పడి అలా అయింది. కాలికో అంటే కాలికట్ గుడ్డ. ఆ మాటకొస్తే సోఫా కూడా అరబ్బీ మాటే.

మన గుడ్డకి అంత గిరాకీ ఎందుకంటే, ఉతికినా రంగు పోదు. వాళ్ల దగ్గర నూలు గుడ్డ మీద వేసే అద్దకం ఉతుక్కి నిలిచేది కాదు. మనవాళ్ల పద్ధతి పెడనలో కలంకారీవాళ్లని అడిగితే ఇప్పటికీ చెబుతారు. గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో ముంచి ఎండబెడతారు. నలుపుకి బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టిన కసిమి. ఎరుపు కావాల్సినచోట రంగు వెయ్యరు, పటిక నీళ్లు అద్దుతారు. ఆ గుడ్డని పారే నీళ్లలో జాడించి, ఎర్ర రంగు వేరు వేసి ఉడకబెడతారు. పాతకాలంలో దానికి చిరివేరు వాడేవారు. పటిక ఎక్కడ పడిందో అక్కడే ఎరుపు పట్టి నిలుస్తుంది, మిగతాచోట కడిగితే పోతుంది. ఈ రహస్యం కోసం వాళ్లు చాలా తిరిగారు. 1742లో ఫాదర్ కెర్దూ అనే ఫ్రెంచి మతగురువు మన దేశంలోని అద్దకంవాళ్లని అడిగి తెలుసుకుని, మొత్తం పద్ధతి ఉత్తరంలో రాసి ఫ్రాన్సుకి పంపాడు. పనివాడిగా నాకిది చదివినప్పుడల్లా కడుపు మండుతుంది.

ఇక చట్టం సంగతి. మన గుడ్డ దెబ్బకి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లకి పని పోయింది. ఫ్రాన్సు 1686లోనే నిషేధం పెట్టి 1759 దాకా ఎత్తలేదు. లండన్‌లో 1719లో పట్టు నేతగాళ్లు వీధుల్లో తిరుగుతూ, అద్దకం గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ల బట్టలు చింపేశారు. 1721లో ఇంగ్లండు చట్టం చేసి, 1722 డిసెంబరు 25 తర్వాత అద్దకం నూలు గుడ్డ ఒంటిమీద వేసుకోకూడదు, ఇంట్లో వాడకూడదు, ఫర్నిచరుకీ వేయకూడదు అంది. ఫర్నిచరు అన్న మాట చట్టంలోనే ఉంది. అంటే ఆ రోజుల్లో నాబోటి మేస్త్రి ఎవడైనా మచిలీపట్నం చింట్జ్‌తో కుర్చీకి సీటు కుడితే కేసే!

మీ పేపరుకి పనికొచ్చే ముక్క ఇంకోటుంది. లండన్‌లో డేవిడ్ గారిక్ అని పేరుమోసిన నటుడు. కలకత్తాలో నాటకశాల పెట్టుకోవడానికి సాయం చేశాడని అక్కడి వర్తకులు ఆయన భార్యకి మచిలీపట్నంలో తయారైన మంచం తెరలు పంపారు. 1775లో లండన్ కస్టమ్స్‌వాళ్లు వాటిని పట్టేసుకున్నారు. అప్పటికి ఏడాది ముందే, 1774లో, ఇంగ్లండులో అచ్చేసిన నూలు గుడ్డకి అనుమతి ఇచ్చేశారు. మన దగ్గరనుంచి వచ్చినదానికే ఇవ్వలేదు. పెద్ద నటుడైనా ఆయన అధికారులకి బతిమాలుతూ ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చింది. ఆ మంచమూ, ఆ తెరలూ ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

అదే మ్యూజియంలో మన ఊరి కుర్చీలు కూడా ఉన్నాయి. 18వ శతాబ్దంలో విశాఖపట్నం వడ్రంగులు జిట్రేగి (రోజ్‌వుడ్) కర్రలో ఏనుగు దంతం పొదిగి, దంతం మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి చేసినవి. సీట్లు పేము అల్లికవి. మన ఉక్కకి గాలి ఆడాలి కదా, కావాలంటే పైన పల్చటి దిండు వేసుకునేవారు. ఫొటోలు జూమ్ చేసి చూశాను. దంతం అంచుల్లో పాకే తీగలూ పూలూ నా కంటికి అచ్చం చీటిగుడ్డ అంచులాగే కనిపించాయి.

*రెక్సిన్ సోఫా మూడేళ్లకే పొట్టు రాలిపోతోంది. తెల్ల చొక్కా వేసుకుని కూర్చుంటే వీపంతా నల్ల రేకులు. ఏం చేయాలి?*
*— ఉక్కు ఉద్యోగి, గాజువాక*

చేయడానికేం లేదు సార్, గుడ్డ మార్చడమే. అతికించే క్రీములు, స్ప్రేలు కొని డబ్బు తగలేయకండి.

అది రెక్సిన్ కూడా కాదు. రెక్సిన్ అనేది మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్లో తయారైన ఒక సరుకు పేరు. గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసేవారు, పేలుడు మందుకి అది దగ్గరి చుట్టం. ఆ కంపెనీ పోయినా పేరు మాత్రం మన దేశంలో ఉండిపోయింది. ఇప్పుడు వచ్చేవి రెండు రకాలు. పీవీసీ అనే ప్లాస్టిక్ పూతది కాలం గడిచేకొద్దీ బిగుసుకుని పగులుతుంది. పీయూ, అంటే పాలియురెథేన్, పూతది చేతికి తోలులా మెత్తగా ఉంటుంది, అందుకే అందరూ దానికే పడిపోతారు. నాసిరకం పీయూకి గాలిలో తేమే శత్రువు. తేమకి పూత లోపల్లోపలే విడిపోయి పొట్టు రాలుతుంది. మన ఊళ్లో తేమకి కరువా? ఈసారి కొనేముందు ముక్కని తిరగేసి వెనకున్న గుడ్డ చూడండి. దోమతెరలా పల్చగా సాగే అల్లిక ఉంటే వద్దనండి.

*మా ముత్తాతగారు డచ్చివాళ్ల వేలంపాటలో కొన్నారని చెప్పే కుర్చీ ఒకటుంది. సీటు చిరిగితే లోపల నల్లటి వెంట్రుకలు కనిపించాయి. ఇంట్లో అందరికీ భయంగా ఉంది. ఫొటోలు పంపుతున్నాను.*
*— భీమిలి పాఠకుడు*

భయపడకండి, అవి గుర్రపు వెంట్రుకలు. ఫోము రాకముందు మంచి కుర్చీ అంటే లోపల ఉండేవి అవే. వెంట్రుకల్ని తాడులా గట్టిగా పురిపెట్టి, ఆవిరి పట్టి ఆరబెట్టి, తర్వాత పురి విప్పుతారు. ఉంగరాలు తిరిగి అలాగే నిలుస్తాయి, ఒక్కో వెంట్రుకా చిన్న స్ప్రింగే. నూరేళ్లయినా పొడిగా ఉంటే దాని పట్టు పోదు. మూడో ఫొటోలో పైన మెరుస్తున్న నల్ల గుడ్డ కూడా గుర్రమే. పడుగు నూలు, పేక గుర్రం తోక. తోక ఎంత పొడవో గుడ్డ పన్నా అంతే, అందుకే ఆ గుడ్డ వెడల్పు రాదు. మీ సీటు మధ్యలో జోడింపు కుట్టు ఉంది చూడండి, కారణం అదే అయ్యుంటుంది.

డచ్చివాళ్ల సంగతి మాత్రం నాకు అనుమానమే, ఏమీ అనుకోవద్దు. రెండో ఫొటోలో సీటు కింద చుట్టల స్ప్రింగులు కనిపిస్తున్నాయి. ఇవి కుర్చీల్లోకి బాగా వచ్చింది 19వ శతాబ్దం నడుమనుంచి. డచ్చివాళ్లు భీమునిపట్నాన్ని ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పింది 1825లో. చట్రం పాతదై, సీటు తర్వాత ఎవరో తిరగ చేయించి ఉండొచ్చు. కింద చట్రానికి పాత మేకుల బొక్కలు రెండు వరసలుంటే అదే జరిగిందన్నమాట.

ఈ కుర్చీని నా దగ్గరికి తెస్తే ఏం చేస్తానో చెబుతాను. కింద నవారు మార్చాలి, మన నవారు మంచానికి అల్లేదే, అడ్డంగా నిలువుగా అల్లి బిగించి కొట్టాలి. దాని మీద స్ప్రింగుల్ని జనపతాడుతో ఎనిమిది దిక్కులా కట్టాలి. పైన గోనెపట్టా. నేను పని నేర్చుకునే రోజుల్లో గోనెపట్టా అంటే మాకు చిట్టివలస మిల్లు సరుకే, కొత్త తాను విప్పితే కిరసనాయిలు వాసన కొట్టేది. ఆ మిల్లు మూతపడింది, ఇప్పుడు ఎక్కడెక్కడినుంచో వస్తోంది. గోనె మీద కొబ్బరి పీచు, పీచు మీద మీ గుర్రపు వెంట్రుకలే ఉతికి ఎండబెట్టి, చేత్తో చిక్కు విడదీసి మళ్లీ పరుస్తాను. దయచేసి ఎవరైనా ఫోము వేస్తామంటే ఒప్పుకోకండి. ఆ వెంట్రుకలు పారేయడం అంటే ఇత్తడి బిందె ఇచ్చి ప్లాస్టిక్ బకెట్ తెచ్చుకోవడమే.

*సముద్రం ఎదురుగా ఫ్లాట్. సోఫాకి ఏ గుడ్డ మంచిది? షాపువాడు 'జాకార్డ్ తీసుకోండి, 30,000 రబ్స్' అంటున్నాడు. జాకార్డ్ అంటే కంపెనీ పేరా?*
*— లాసన్స్ బే కాలనీనుంచి*

జాకార్డ్ ఒక మనిషి పేరు. ఫ్రాన్సులో లియాన్ పట్టణంలో పట్టు నేతవాళ్ల ఇంట పుట్టాడు. అంతకుముందు పువ్వుల గుడ్డ నేయాలంటే నేతగాడితో పాటు ఒక కుర్రాడు కూడా ఉండాలి, ఏ పోగు లేవాలో ఆ తాళ్లు లాగడానికి. వాడు ఒక్కసారి తప్పు తాడు లాగితే పువ్వు వంకర. 1804 ప్రాంతంలో జాకార్డ్ ఆ కుర్రాడి పని బొక్కలు కొట్టిన అట్టలకి అప్పజెప్పాడు. బొక్క ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. 1839లో ఆయన బొమ్మనే పట్టులో నేశారు, దానికి 24,000 అట్టలు పట్టాయి. కాబట్టి జాకార్డ్ అంటే నేసిన పద్ధతే తప్ప నాణ్యత కాదు. చెత్త జాకార్డూ ఉంటుంది. తిరగేసి చూడండి, వెనకాల పొడుగ్గా వేలాడే దారాలుంటే పిల్లాడి గోరు, పిల్లి గోరు ఏది తగిలినా లాగేస్తుంది.

రబ్స్ అంటే మార్టిండేల్ అనే యంత్రంలో ఎన్నిసార్లు రుద్దితే గుడ్డ అరుగుతుందనే లెక్క. ఇంటికి 20,000 దాటితే చాలు. 30,000 అంటే హోటల్ లాబీకి సరిపోయేది. కానీ మీ శత్రువు రాపిడి కాదు, ఎండా ఉప్పుగాలీ. ఆ లెక్క రంగు వెలుస్తుందా లేదా చెప్పదు. నూలు గుడ్డకి బూజు పడుతుంది. పాలిస్టర్ గానీ, దారం తయారయ్యేటప్పుడే రంగు కలిపేసిన అక్రిలిక్ గానీ తీసుకోండి. మేస్త్రి చేత స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులే కొట్టించండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత మా షాపు ముందు తడిసిన సోఫాలు వీధి చివరిదాకా ఉన్నాయి. గుడ్డ బాగానే ఉండి, మామూలు పిన్ను తుప్పు పట్టి చుట్టూ ఎర్రమరకలు దిగినవే ఎక్కువ.

*పొందూరు ఖద్దరు అంటే నాకు ప్రాణం. కొత్త ఇంట్లో సోఫా మొత్తం దానితో కుట్టించాలని ఉంది. కుదురుతుందా?*
*— రిటైర్డు టీచరు, సీతమ్మధార*

టీచరమ్మా, అమ్మ వైపు మా తాతది పొందూరే. నా మాట నమ్మండి, వద్దు.

పొందూరు సన్న ఖద్దరు నూలు 100 నంబరు, ఇంకా పైన ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 840 గజాల చిలప, అంటే నూలు చుట్ట, ఒకటి పౌను తూగితే అది 1 నంబరు. 100 నంబరంటే పౌను నూలులో 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. అర కిలో కూడా లేని దూదిలో, ఇక్కణ్నుంచి అనకాపల్లి వెళ్లి తిరిగొచ్చేంత దారం! సోఫాకి వేసే నూలు గుడ్డలకి 10 నంబరు, అంతకంటే మోటు దారం కావాలి. పొందూరు గుడ్డ ఒంటి చెమట పీల్చుకోవడానికి పుట్టింది, మనిషి బరువు మోయడానికి కాదు. వారం తిరక్కుండా కుట్టుదగ్గర పోగులు జరిగిపోతాయి.

సెలవలకి వెళ్లినప్పుడు మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది. ఆ దవడకి ఉండే సన్నటి పళ్లు దువ్వెనకంటే నయం, పత్తిలో నలుసంతా పట్టేసుకునేవి. నేను ముట్టుకోబోతే చేతిమీద ఒక్కటి వేసేది. తాత గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని నాడె విసురుతుంటే నేను ఆసులో కండెలా ఇల్లంతా తిరిగేవాణ్ని. సోఫా పనిలో చేరానని చెప్పినప్పుడు ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. నేనొక రెక్సిన్ ముక్క చూపించబోతే, "ముందు తిరగేసి సూడు నాయినా, ఎనకాల ఏటుందో" అన్నాడు.

సోఫాకి గట్టి నూలు గుడ్డే కావాలంటే కేరళలోని కన్ననూరు చేనేత ఫర్నిషింగ్ చూడండి, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గోధుమవన్నెది దొరికితే మీ ఖద్దరుకి జోడు కుదురుతుంది. పొందూరుది రెండు మీటర్లు కొనండి. నాలుగు చిన్న దిండ్లకి సరిపోతుంది. లోపల అస్తరు వేసి, జిప్పు పెట్టి కుడితే విప్పి ఉతుక్కోవచ్చు. గంజి మాత్రం పెట్టకండి, బొద్దింకలొస్తాయి. గుడ్డ తెచ్చేటప్పుడు ఫోన్ చేసి రండి. ఆ దిండ్లు కుర్రాళ్లకి ఇవ్వను, నేనే కుడతాను.